పెళ్ళికి ముందు లేజర్ వైటెనింగ్: పళ్ళు జివ్వుమంటే ఓర్చుకోకండి

2024 ఫిబ్రవరిలో, మాఘం ముహూర్తాల వేళ, హైదరాబాద్‌లో పెళ్ళి దగ్గరపడ్డ ఒక యువకుడు నవ్వు తీర్చిదిద్దించుకుందామని డెంటల్ క్లినిక్‌కి వెళ్ళి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. మత్తుమందు ఎక్కువ కావడం వల్లే పోయాడని ఇంట్లోవాళ్ళు ఆరోపించారు. అతను చేయించుకున్నది వైటెనింగ్, అంటే పళ్ళు తెల్లబరచడం కాదు. వైటెనింగ్‌కి మత్తు ఇంజెక్షన్ అవసరమే లేదు. అయినా మాఘం వచ్చేసరికి ఇక్కడ బెంగళూరులో, మారతహళ్ళి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా, పెళ్ళికూతుళ్ళూ పెళ్ళికొడుకులూ కుర్చీలో కూర్చుని ఇదే మాట అడుగుతున్నారు: "నొప్పి వస్తే కొంచెం మత్తు ఇచ్చి కానిచ్చేయండి డాక్టర్ గారూ, ఎల్లుండి ఊరెళ్ళిపోవాలి."

ఆ మాట అనొద్దు. ఎవరైనా తమంతట తాముగా మత్తు ఇస్తామన్నా వద్దనండి. బ్రష్ ఎలా చేయాలి, తీపి తగ్గించాలా వంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోవడం లేదు. పళ్ళు పాడుచేసుకున్నవాళ్ళలో పదేపదే కనిపించే తప్పు ఒకటుంది. జెల్ పెట్టాక పళ్ళు జివ్వుమంటుంటే నోరు మెదపకుండా ఓర్చుకుని కూర్చోవడం. డబ్బు కట్టేశాం కదా, ఇంకో పది నిమిషాలే కదా అని పళ్ళ బిగువున ఆపుకోవడం. మనవాళ్ళలో ఓర్పు గొప్ప గుణం. ఈ కుర్చీలో మాత్రం అది పనికిరాదు.

ఎందుకో వివరంగా చెప్పాలి. క్లినిక్‌లో పళ్ళ మీద పూసే జెల్‌లో సాధారణంగా 25 నుంచి 40 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుంది. మరకను విరగ్గొట్టేది అదే, లేజర్ కాదు. లేజర్ చేసేదల్లా ఆ జెల్‌ని వేడెక్కించి తొందరపెట్టడం. పెరాక్సైడ్ అణువు చాలా చిన్నది. పన్ను పైనుండే గట్టి పొర ఎనామిల్‌నీ, దాని కింది పొర డెంటిన్‌నీ దాటుకుని పావుగంటలోపే పన్ను మధ్యనున్న పల్ప్‌కి, అంటే నరమూ రక్తనాళాలూ ఉండే మెత్తటి భాగానికి చేరిపోతుంది. దాని మీద లేజర్ వేడి. పల్ప్ వాచిందంటే ఆ వాపు ఎటూ పోవడానికి వీల్లేదు, చుట్టూ గట్టి గోడే. జాక్, కోహెన్ అనే పరిశోధకులు 1965లో కోతుల పళ్ళ మీద చేసిన ప్రయోగంలో పల్ప్ ఉష్ణోగ్రత 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగేసరికి 15 శాతం పళ్ళు లోపల చచ్చిపోయాయి. పన్ను ఎంత వేడి తట్టుకోగలదంటే ఇప్పటికీ ముందు గుర్తుచేసుకునేది ఆ అంకెనే.

మీ పల్ప్ ఎంత వేడెక్కిందో చూపించే మీటరు ఏ క్లినిక్ కుర్చీకీ ఉండదు. ఉన్న మీటరు మీ నొప్పి ఒక్కటే. మత్తు ఇస్తే అది ఆగిపోతుంది. మీరు ఓర్చుకుని నోరు మూసుకున్నా అది ఆగిపోయినట్టే. డాక్టరుకి బయటి నుంచి తెల్లటి జెల్, ఎర్రటి చిగురు తప్ప ఇంకేమీ కనిపించవు.

ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టండి

వైటెనింగ్‌కీ పెళ్ళికీ మధ్య కనీసం మూడు వారాలు ఉండాలి. సిట్టింగ్ అయిన రోజు అద్దంలో కనిపించే తెలుపు నిజమైన తెలుపు కాదు. గంటసేపు నోరు తెరిచి ఉంచడంతో పళ్ళు ఆరిపోయి ఇంకా తెల్లగా కనబడతాయి. తడి మళ్ళీ ఎక్కాక రంగు కాస్త దిగుతుంది. అసలు రంగు నిలబడేసరికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఇది తెలియని పెళ్ళికూతురు మూడో రోజు అద్దం చూసుకుని, "తగ్గిపోయింది, ఇంకో సిట్టింగ్ చేయండి" అని పరుగెత్తుకొస్తుంది. అప్పటికే చికాకు పడి ఉన్న పల్ప్ మీద మళ్ళీ 35 శాతం పెరాక్సైడ్. ఇదీ ఓర్చుకోవడంలో ఒక రకమే.

రెండో కారణం జివ్వుమనడం. వైటెనింగ్ చేయించుకున్న చాలామందికి మొదటి 24 గంటల్లో అది వస్తుంది, మామూలుగా రెండు నుంచి నాలుగు రోజుల్లో తగ్గుతుంది. మాఘంలో బెంగళూరు పొద్దుటిపూట చలికి కుళాయి నీళ్ళతో పుక్కిలించడమే కష్టం. ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి నడుపుతూ నోటితో గాలి పీల్చినా పళ్ళు లాగేస్తాయి.

మూడోది, ముందుపళ్ళలో పాత ఫిల్లింగులు, క్యాపులు. జెల్ వాటి రంగు మార్చదు. పళ్ళు తెల్లబడి పాత ఫిల్లింగ్ పచ్చగా మిగిలితే మార్పించుకోవాలి, అదీ వైటెనింగ్ అయిన రెండు వారాల తర్వాతే. పన్నులో మిగిలిపోయిన ఆక్సిజన్ కొత్త ఫిల్లింగ్‌ని సరిగ్గా గట్టిపడనివ్వదు, తొందరపడితే ఊడిపోతుంది.

కాబట్టి లెక్క ఇది. ముహూర్తానికి ఆరు వారాల ముందు పరీక్ష, ఎక్స్‌రే, పిప్పి పళ్ళు ఉంటే ఫిల్లింగ్, గార తీయించడం. గార తీసిన రోజే వైటెనింగ్ వద్దు. చిగుళ్ళు చితికి ఉంటాయి, గార కింద ఇన్నాళ్ళూ దాగిన వేరు భాగం బయటపడి ఉంటుంది. కనీసం వారం, పది రోజులు ఆగండి. పరీక్ష అయిన రోజు నుంచి వైటెనింగ్ దాకా రోజుకి రెండుసార్లు 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న సెన్సిటివిటీ పేస్టుతో తోముకోండి. అది నరం స్పందనను మందగింపజేస్తుంది, కానీ పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, ముందురోజు రాత్రి కొనుక్కుంటే లాభం లేదు. తోమాక ఉమ్మేయండి, నీళ్ళతో బాగా పుక్కిలించకండి. మందు పళ్ళ మీద ఉండాలి. ముహూర్తానికి నాలుగు వారాల ముందు వైటెనింగ్.

ఇంత వ్యవధి ఉన్నవాళ్ళకి ఒక మాట. లేజర్ అక్కర్లేదు. మీ పళ్ళ అచ్చు తీసి చేసిన ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ పెట్టుకుని రోజూ రాత్రి రెండు వారాలు వాడితే కొన్ని వారాల తర్వాత రంగు దాదాపు అదే వస్తుంది. దానిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు మూడున్నర శాతమే, వేడి లేదు, జివ్వుమనడం తక్కువ. జివ్వుమంటే ఆ రాత్రి మానేసి మర్నాడు పెట్టుకోవచ్చు. లేజర్ కుర్చీలో ఆ వెసులుబాటు లేదు. వెలుగు వాడటం వల్ల చివరికి మిగిలే తెలుపు పెరుగుతుందని పరిశోధనలు గట్టిగా చెప్పలేకపోయాయి. సెన్సిటివిటీ పెరగవచ్చని మాత్రం చెబుతున్నాయి.

ముందుగా డాక్టరుకి చెప్పాల్సినవి, చూపించాల్సినవి

చిగురు దగ్గర పన్ను నొక్కుకుపోయి గంటు పడి ఉందా చూపించుకోండి. గట్టి బ్రష్‌తో అడ్డంగా రుద్దేవాళ్ళకి, బొగ్గుపొడి, ఇటుకపొడి వంటి గరుకు పళ్ళపొడులతో ఏళ్ళ తరబడి తోమినవాళ్ళకి ఈ గంట్లు ఎక్కువ. అక్కడ ఎనామిల్ ఉండదు. జెల్ తగిలిందంటే నేరుగా డెంటిన్ గొట్టాల్లోకి దిగుతుంది. వాటిని ముందే మూయించాలి, లేదా సిట్టింగ్ రోజు పై నుంచి రెసిన్, అంటే దీపం వెలుగుకి గట్టిపడే పూత, పూయించాలి.

నల్గొండ, ప్రకాశం, అనంతపురం, ఇటు కోలారు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళు ఇంకో విషయం తెలుసుకోవాలి. ఫ్లోరోసిస్ తెల్లమచ్చలు వైటెనింగ్ అయిన కొత్తలో ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. గోధుమరంగు మరక కొంత పోయినా పక్కనున్న తెల్లమచ్చ మెరుస్తూ మిగులుతుంది. పై పొరని కొద్దిగా అరగదీసే మైక్రోఅబ్రేషన్, మచ్చలోకి రెసిన్ ఇంకించే రెసిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ అనే పద్ధతులున్నాయి, వాటి గురించి ముందు అడగండి. పెళ్ళి ఫోటోలకి వారం ముందు వెళితే మచ్చలు ఉన్నదానికంటే ఎక్కువ చేసుకున్నట్టే.

ఒక్క పన్నే నల్లబడి ఉంటే లేజర్‌కి లొంగదు. చిన్నప్పుడు దెబ్బ తగిలి లోపల చచ్చిన పన్ను కావచ్చు. ఎక్స్‌రే తీయించి, రూట్ కెనాల్ చేయించి, లోపలి నుంచి తెల్లబరచాలి. బూడిదరంగు అడ్డచారలు, అంటే చిన్నతనంలో టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడినందువల్ల వచ్చినవి, ఒక సిట్టింగ్‌తో పోవు. పోతాయని ఎవరు చెప్పినా నమ్మకండి.

మొటిమలకి వాడుతున్న మాత్రల పేర్లు చెప్పండి. పెళ్ళికి ముందు చర్మం డాక్టరు డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినాయిన్ రాయడం మామూలే. అవి వెలుగుకి చర్మం త్వరగా కమిలిపోయేలా చేస్తాయి, పెదవులు కూడా. "పళ్ళకీ మొటిమల మాత్రకీ సంబంధం ఏముంది" అని దాచేవాళ్ళే ఎక్కువ.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్ళు నిండనివాళ్ళు చేయించుకోకూడదు.

కుర్చీలో కూర్చున్నాక

చేసేది ఎవరో చూడండి. కర్ణాటక స్టేట్ డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరున్న డాక్టరు అయి ఉండాలి. జెల్ పూసేటప్పుడు ఆ డాక్టరు గదిలో ఉండాలి. అసిస్టెంట్‌కి అప్పగించి పక్క గదిలోకి వెళ్ళిపోతే లేచి రండి. బ్యూటీ పార్లర్‌లో అసలే వద్దు.

అది లేజరా, నీలం దీపమా అడగండి. పళ్ళ వరస మొత్తం మీద పెద్ద నీలం వెలుగు పడుతుంటే అది ఎల్ఈడీ దీపం, లేజర్ పేరుతో అమ్ముతున్నారు. నిజమైన డయోడ్ లేజర్ 810, 940, 980 నానోమీటర్ల వంటి పరారుణ కిరణం. కంటికి దాదాపు కనిపించదు, కంటి వెనక రెటీనాని కాలుస్తుంది. నీలం దీపానికి ఇచ్చే నారింజరంగు కళ్ళద్దాలు దాన్ని ఆపవు. కళ్ళద్దాల మీద నానోమీటర్ల అంకె రాసి ఉంటుంది, అది యంత్రం అంకెతో సరిపోవాలి. మీకూ డాక్టరుకీ అసిస్టెంట్‌కీ, పక్కన కూర్చున్న మీవాళ్ళకీ తలా ఒకటి ఉండాలి.

చిగుళ్ళకి అడ్డంగా పూసి దీపంతో గట్టిపరిచే రెసిన్ అడ్డుగోడ ఖాళీల్లేకుండా ఉండాలి. వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు, పన్ను మీదికి అర మిల్లీమీటరు ఎక్కి, పళ్ళ మధ్య సందుల్లోని చిగురునీ కప్పాలి. అద్దం అడిగి చూడండి. జెల్ కారే చోటు సాధారణంగా ఆ సందే. చిగురు చురుక్కుమంటే జెల్ కారిందని అర్థం. దానికీ ఓర్చుకోకూడదు, వెంటనే తీయించి కడిగించాలి.

పెదవుల్ని వెనక్కి లాగి ఉంచే రిట్రాక్టర్ నోట్లో పెట్టాక మాట రాదు. కన్నడంలో "నిల్లిసి" (ఆపండి) అందామన్నా శబ్దం తప్ప ఏదీ బయటికి రాదు. అందుకే జెల్ పూయకముందే డాక్టరుతో మాట అనుకోండి: ఎడమచెయ్యి పైకెత్తితే వెలుగు ఆపాలి, జెల్ పీల్చేయాలి. సర్దుకుంటుందేమోనని చెయ్యి సగం ఎత్తి దించకండి. వెచ్చగా తగలడం వేరు, ఒక పన్నులోంచి సూది గుచ్చినట్టు లేచి ముక్కు దాకా పాకడం వేరు. రెండోది వచ్చిన క్షణం చెయ్యి ఎత్తండి.

పక్కన కూర్చున్న అమ్మ, అక్క, వదిన గారికి ఒక విన్నపం. "కొంచెం ఓర్చుకో తల్లీ, అయిపోయింది" అనకండి. ప్రేమతోనే అంటారు, కానీ ఎత్తబోయిన చెయ్యి ఆ మాటకి దిగిపోతుంది.

కింది ముందుపళ్ళు అన్నిటికంటే సన్నవి. 38 శాతం జెల్‌తో చేసిన ఒక పరీక్షలో కింది ముందుపళ్ళ పల్ప్ దెబ్బతింది, కోరపళ్ళ వెనకుండే ప్రీమోలార్లది దెబ్బతినలేదు. కాబట్టి కింది వరసకి సమయం తగ్గించమనండి. మనం నవ్వితే కనిపించేది ఎక్కువగా పై వరసే. జెల్ మామూలుగా మూడు రౌండ్లు మారుస్తారు. మూడోదాన్ని వదిలేసినా పోయేదేమీ లేదు. ప్యాకేజీకి కట్టిన డబ్బు కోసం పన్నుని పణం పెట్టకండి.

ఇక మిగిలినవన్నీ వరసగా

సిట్టింగ్‌కి ముందు నొప్పి మాత్ర వేసుకుని వెళ్ళకండి. మత్తు ఇంజెక్షన్‌కి చెప్పిందే దీనికీ వర్తిస్తుంది.

వైటెనింగ్ జెల్ కడిగేశాక పొటాషియం నైట్రేట్, ఫ్లోరైడ్ జెల్ పళ్ళకి పట్టించమని అడగండి. మర్చిపోతారు, గుర్తుచేయండి.

జివ్వుమనడం తగ్గడానికి కొందరు పట్టించే సీపీపీ-ఏసీపీ పూత పాల ప్రొటీన్‌తో చేసినది. పాలు పడనివాళ్ళు ముందే చెప్పాలి.

చిగురు తెల్లగా పొంగిందా? నీళ్ళతో కడిగి, విటమిన్ ఇ నూనె రాయండి. ఒకటి రెండు రోజుల్లో మామూలవుతుంది. పసుపు అద్దకండి, బ్రష్‌తో రుద్దకండి.

రెండు రోజులు పసుపు, చింతపండు, బీట్‌రూట్, ఆవకాయ, ఫిల్టర్ కాఫీ పక్కన పెట్టండి. గది వేడికి వచ్చిన పెరుగన్నం, ఇడ్లీ కొబ్బరిచట్నీ, రవ్వ ఉప్మా, అరటిపండు చాలు. కాఫీ మరక కన్నా ఆ రెండు రోజుల్లో నిమ్మరసం, కూల్‌డ్రింకుల పులుపే ఎక్కువ చెరుపు.

పులుపు తగిలాక వెంటనే బ్రష్ పట్టకండి. అరగంట ఆగండి.

నిమ్మకాయ, తినేసోడా కలిపి రుద్దడం వద్దు. బొగ్గు పేస్టు వద్దు. ఆన్‌లైన్‌లో తెప్పించిన కిట్‌తో "ఇంకొంచెం తెలుపు" కోసం ప్రయత్నించడం వద్దు.

జివ్వుమంటే ఐసు పెట్టకండి, వేడినీళ్ళు పుక్కిలించకండి. సెన్సిటివిటీ పేస్టు వేలితో రాసి ఐదు నిమిషాలు ఉంచండి.

నొప్పికి పెద్దవాళ్ళు డోలో 650 ఆరు గంటలకి ఒకటి, రోజుకి నాలుగుకి మించకుండా వేసుకోవచ్చు. కాలేయం జబ్బున్నవాళ్ళు, రోజూ మద్యం తాగేవాళ్ళు డాక్టరుని అడగకుండా వేసుకోవద్దు. అల్సర్, ఆస్తమా, కిడ్నీ జబ్బు, డెంగీ అనుమానం ఉన్నవాళ్ళు ఐబుప్రొఫెన్ జోలికి వెళ్ళొద్దు.

ఒక సిట్టింగ్ అయిన వారంలోపు రెండోది ఎవరు ఇస్తామన్నా వద్దు.

మొదటి సిట్టింగ్‌లో చెయ్యి ఎత్తాల్సి వచ్చినవాళ్ళు రెండోది అసలు చేయించుకోవద్దు. ట్రే పద్ధతికి మారండి.

నొప్పని క్లినిక్‌కి ఫోన్ చేస్తే "అందరికీ అలాగే ఉంటుంది, ఓర్చుకోండి" అంటే ఇవి చెప్పండి, ఒక్కొక్కటీ అవునా కాదా అని: చల్లటిది తీసేశాక కూడా అర నిమిషం దాటి లాగుతోందా? వేడికి పోటొచ్చి చల్లటి నీళ్ళకి తగ్గుతోందా? ఏమీ తగలకుండానే రాత్రి సలుపుతోందా? ఒక్క పన్నులోనే ఉందా? కొరికితే పోటు వస్తోందా? ఐదు రోజులు దాటిందా?

వీటిలో ఒక్కటి అవునన్నా ఆ రోజే పరీక్షకి వెళ్ళండి, ఎక్స్‌రే తీయించండి. పళ్ళన్నీ కలిసి జివ్వుమని తగ్గిపోవడం వైటెనింగ్ వల్ల. ఒక్క పన్ను సలపడం ఆ పన్ను జబ్బు. పిప్పి, పగులు, లేదా పల్ప్ లోపల వాచడం. దాన్ని పెళ్ళయ్యాక చూసుకుందామని వాయిదా వేస్తే ముహూర్తం రాత్రే చీము పట్టవచ్చు.

దవడ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా పెళ్ళి పనులు ఎవరికో అప్పగించి ఆసుపత్రికి వెళ్ళండి. బెంగళూరులో ఉంటే కె.ఆర్. మార్కెట్ దగ్గర విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా డెంటల్ కాలేజీకి కాదు, అదే ఆవరణలోని అత్యవసర విభాగానికి వెళ్ళండి. వేరేచోట ఉంటే అక్కడికి దగ్గరి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళండి. వాడిన జెల్ పేరు, శాతం, ఎన్ని రౌండ్లు పెట్టారో రాసిన కాగితం వెంట తీసుకెళ్ళండి.